ఏ వైపు కనపడదో ముందే చెప్పేయండి

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐదో తరగతిలో ఉండగా కర్రాబిళ్ల ఆటలో బిళ్ల తగిలి నా కుడికన్ను చూపు పోయింది. పెద్దయ్యాక ఒక కంటి ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఈసారి ఒక కంటి చూపు గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే మిగతా విషయాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. మందుల సంగతి, ఆపరేషన్ల సంగతి మీ డాక్టరుగారు చూసుకుంటారు. ఇంటికొచ్చాక రోజు ఎలా గడపాలన్నది నేను చెప్తాను.

ప్రశ్న: ఖమ్మంలో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వయసు 47. బీపీ ఉంది. నాలుగు నెలల క్రితం పొద్దున లేచేసరికి ఎడమకన్ను మసకబారింది. కంటి వెనక రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఇంజెక్షన్లు చేసినా వెలుతురు తెలియడం తప్ప చూపు రాలేదు. రెండో కన్ను బాగుంది. కానీ గ్లాసులో టీ పోస్తే పక్కన ఒలుకుతోంది. నూనెలో గారె వేయాలంటే చెయ్యి వణుకుతోంది. షాపు మూసేద్దామని మావారు అంటున్నారు. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: షాపు మూయాల్సిన పని లేదని నా మాటగా మీవారికి చెప్పండమ్మా. కొన్నాళ్లు నెమ్మదిగా నడపాలి, అంతే.

టీ ఎందుకు ఒలుకుతోందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మన రెండు కళ్ల మధ్య సుమారు ఆరు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అందుకని ఒకే వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనపడుతుంది. ఆ రెండిటినీ కలిపి మెదడు 'ఇది ఇంత దూరంలో ఉంది' అని లెక్క కడుతుంది. చెయ్యి చాచినంత దూరంలో ఈ లెక్కతో చాలా పని. వంటిల్లంతా ఆ దూరంలోనే ఉంటుంది కదా! అందుకే దూరాన వచ్చే బస్సును చూసి మీరు తడబడరు, ఎదురుగా ఉన్న గ్లాసు దగ్గర తడబడతారు. ఒక కన్ను పోయాక మెదడు వేరే గుర్తులు పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఏ వస్తువు దేనికి అడ్డం వచ్చింది, నీడ ఎక్కడ పడింది, తల కాస్త కదిపితే ఏది ఎక్కువ జరిగింది, ఇలాంటివి. ఇది ఎవరూ నేర్పకుండానే వస్తుంది, కానీ నెలలు పడుతుంది. చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది. మీకింకా నాలుగు నెలలే.

ఈలోగా కంటి పని కొంత చేతికి అప్పజెప్పండి. టీ గిన్నె మూతిని గ్లాసు అంచుకు ఆనించండి. ఆనినట్టు చేతికి తెలిశాకే వంచండి. గ్లాసుల కింద అంచున్న పళ్లెం పెడితే ఒలికినా గట్టు పాడవదు. కూర పార్శిల్ కట్టేటప్పుడు కవరును ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో పోయకండి. చిన్న స్టీలు డబ్బాలో కవరు నిలబెట్టి, దాని మూతిని డబ్బా అంచు మీదుగా బయటికి మడవండి. అప్పుడు గరిటె అంచు డబ్బాకు తగులుతుంది, కూర లోపలే పడుతుంది. రెండు కళ్లూ ఉన్నవాళ్లు కూడా ఇలా చేస్తే పని తొందరగా తెములుతుంది.

గారెల సంగతి. చేత్తో నేరుగా నూనెలో వేయడం కొన్నాళ్లు ఆపండి. చిల్లుల గరిటె మీద గారె పెట్టి, గరిటె అంచును మూకుడు గోడకు ఆనించి, నూనెలోకి జార్చండి. మూకుడు ఎంత దూరంలో ఉందో గరిటె చెప్తుంది. దీపం మీ వెనక ఉంటే మీ నీడే మూకుడు మీద పడి ఏమీ తెలియదు. ట్యూబులైటును పక్క గోడకు మార్పించండి. అప్పుడు గరిటె నీడ నూనె మీద కనపడుతుంది, గరిటె దిగేకొద్దీ నీడ దానికి దగ్గరవుతుంది. మీ కన్ను దాన్ని చూసుకుని దూరం అంచనా వేస్తుంది. ఇది నేను ఎంతోమందికి చెప్పి చూసిన మార్పు. వంద మాటల కంటే ఆ లైటు జరపడమే ఎక్కువ పనిచేసింది.

కత్తిపీట దగ్గర అసలు ప్రమాదం కోతలో కాదు. మీ చేతులకు ఆ కత్తి ఎక్కడుందో ఏళ్ల తరబడి తెలుసు. ఎడమపక్క నుంచి ఎవరైనా వచ్చి తగిలితేనే ప్రమాదం. పీట వేసుకునేటప్పుడు ఎడమవైపు గోడ ఉండేలా కూర్చోండి. మీ దగ్గర పనిచేసే అమ్మాయికి గట్టిగా చెప్పండి: ఎడమపక్క నుంచి వచ్చేటప్పుడు 'అక్కా, వస్తున్నా' అని పిలిచి రావాలని. గిన్నెల కాడలన్నీ కుడివైపు తిప్పి పెట్టండి. చిల్లర చేతికివ్వడానికి బదులు కౌంటర్ మీద ఒక పళ్లెం పెట్టండి. ఇచ్చేదీ పుచ్చుకునేదీ అందులోనే.

కళ్లు మాత్రమే తిప్పితే ఎడమపక్కన ఉన్నది కనపడదు, మీ ముక్కే అడ్డం వస్తుంది. మెడ తిప్పాలి. మొదట్లో మెడ నొప్పి వస్తుంది. భుజాలతో సహా తిరగడం అలవాటు చేసుకుంటే తగ్గుతుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది మీ బీపీ. ఎడమకంటికి వచ్చిన జబ్బే కుడికంటికీ రావచ్చు. మాత్ర ఒక్క పూట కూడా మానకండి. షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేసి చూసే పరీక్షకు డాక్టరుగారు చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లండి, ఆ రోజు పెళ్లి ఆర్డరున్నా సరే. పవర్ లేకపోయినా తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టించుకుని పొయ్యి దగ్గర తీయకుండా పెట్టుకోండి. తాలింపులో ఆవాలు చిటపటలాడినప్పుడు మీకున్న ఒక్క కంటికీ అవే అడ్డు.

ఇంకో మాట. 'రెండు కళ్ల పనీ ఒకటే చేస్తే అది అరిగిపోతుంది' అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది నిజం కాదు. చదివినా, కుట్టినా, టీవీ చూసినా మంచి కన్ను పాడవదు.

ప్రశ్న: వయసు 26. బైక్ యాక్సిడెంట్‌లో కుడికన్ను చూపు పూర్తిగా పోయింది. లైసెన్స్ తీసుకుని ఏడేళ్లయింది. మళ్లీ బండి నడపొచ్చా? సదరం సర్టిఫికెట్‌తో ఉద్యోగాల్లో రిజర్వేషన్ వస్తుందా? డబ్బులిస్తే 40 శాతం వేయిస్తానని ఒకాయన అంటున్నాడు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగ రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో చూపు లెక్క ఎలా కట్టాలో పట్టిక ఉంది. మంచి కన్ను చూపు 6/6 (మామూలు చూపు) నుంచి 6/18 (కాస్త తక్కువ) మధ్య ఉండి, రెండో కన్ను పూర్తిగా పోతే 30 శాతం. అంతకు మించి రాదు. తప్పుడు సర్టిఫికెట్ బయటపడితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది, కేసూ అవుతుంది. డ్రైవింగే జీవనాధారమైనవాడికి ఒక కన్ను పోతే ఆ 30 శాతం ఏ మూలకూ చాలదు. ఈ లెక్క మారాలనే నేను కోరుకుంటాను. మారేదాకా దాని ప్రకారమే మన ప్లాన్ వేసుకోవాలి. పోలీసు, సైన్యం, రైలు నడిపే ఉద్యోగాలకు రెండు కళ్ల చూపూ అడుగుతారు. ఫీజు కట్టేముందు నోటిఫికేషన్‌లో వైద్య ప్రమాణాలు చదువు. సాఫ్ట్‌వేర్, టీచింగ్ లాంటి వాటిలో ఇది సాధారణంగా అడ్డం రాదు.

లైసెన్స్ విషయానికొస్తే, 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఫారం 1 అని ఉంది. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలవా అని అందులో అడుగుతారు. ఒక కన్ను పోయినవాళ్లకు మినహాయింపు కూడా అక్కడే రాసి ఉంది. కన్ను పోయేనాటికి లైసెన్స్ తీసుకుని కనీసం ఐదేళ్లయి ఉండాలి. నడిపేది రవాణాకు వాడని తేలికపాటి మోటారు వాహనమై ఉండాలి. స్టీరింగ్ వైపు బయట అద్దం ఉండాలి. అంటే సొంత కారుకు నీకు దారి ఉన్నట్టే. బైకు వేరే తరగతి కిందికి వస్తుంది. దాని గురించి ఆర్టీవో ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పి అడుగు. దాచి నడిపితే రేపు ఏదైనా జరిగినప్పుడు బీమా దగ్గరే కాదు, కోర్టులోనూ చిక్కులొస్తాయి.

కాగితాలన్నీ సరిగా ఉన్నా కనీసం ఆరు నెలలు స్టీరింగ్ ముట్టుకోవద్దు. నీదీ నాదీ ఒకే పక్క కాబట్టి చెప్తున్నాను. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. రోడ్డు దాటేవాడి మీదికి మొదట వచ్చే బండి కుడివైపు నుంచే వస్తుంది, మనకు కనపడని పక్క అదే. ఓవర్‌టేక్ చేసేవాళ్లు వచ్చేదీ అటు నుంచే. అందుకే రోడ్డు దాటేముందు ఆగు. గడ్డం కుడిభుజాన్ని తాకేదాకా తల తిప్పి చూడు. తర్వాత ఎడమ, మళ్లీ కుడి. హారన్ వినపడలేదని అడుగు ముందుకేయకు. ఇప్పుడు చప్పుడు చేయని ఎలక్ట్రిక్ బండ్లు తిరుగుతున్నాయి.

స్నేహితులతో నడిచేటప్పుడు వాళ్లను నీ కుడిపక్కన నడవమను. 'నాకు అటు కనపడదురా, నువ్వు అటు ఉండు' అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆర్టీసీ బస్సు ఎక్కేటప్పుడు ముందు కమ్మీ పట్టుకుని తర్వాతే కాలు ఎత్తు. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం, అందులో ఆఖరి మెట్టు మరీ కష్టం. ఇంట్లో మెట్ల అంచులకు పసుపు రంగు వేయించు. ఒక చిన్న పెయింట్ డబ్బా ఖర్చే.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. స్కూల్లో కళ్ల పరీక్ష చేస్తే ఎడమకంటికి చూపు బాగా తక్కువని తేలింది. లేజీ ఐ అన్నారు. అద్దాలిచ్చి, మంచి కంటికి రోజూ రెండు గంటలు ప్యాచ్ వేయమన్నారు. పాప ఏడ్చి పీకేస్తోంది. మంచి కన్ను మూస్తే అదీ పాడవుతుందని మా అత్తగారి భయం. కాస్త మెల్ల ఉంటే అదృష్టమని కూడా అంటున్నారు.
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఈ విడత ఉత్తరాల్లో తొందరపడాల్సింది మీ ఒక్కరే. మిగతావాళ్లం పోయిన చూపుతో సర్దుకుంటున్నాం. మీ పాప చూపు తిరిగి వచ్చే అవకాశం ఇంకా ఉంది.

పాప ఎడమకంటిలో లోపమేమీ ఉండకపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఆ కంటి బొమ్మ మసకగా వచ్చింది. మెదడు దాన్ని పట్టించుకోవడం మానేసి రెండో కంటి మీదే ఆధారపడింది. మంచి కన్ను మూస్తే మెదడు తప్పనిసరిగా ఎడమకంటిని వాడుతుంది. ఏడెనిమిదేళ్ల లోపు ఇది బాగా పనిచేస్తుంది, తర్వాత ఫలితం తగ్గుతూ వస్తుంది. మధ్యస్థంగా ఉన్న లేజీ ఐకి రెండు గంటల ప్యాచ్ ఆరు గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేసిందని అమెరికాలో పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. మీ డాక్టరుగారు చెప్పిన రెండు గంటలూ చాలు. కానీ ఆ రెండు గంటలూ నిజంగా జరగాలి.

మీ అత్తగారిని ఈసారి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకండి. ప్యాచ్ గంటలు మితిమీరితే మంచి కంటి చూపు కాస్త తగ్గే మాట నిజమే. అందుకే మధ్యమధ్యలో రమ్మని రెండు కళ్లూ పరీక్షిస్తారు. డాక్టరుగారి నోటితో ఆ మాట వింటే రేపటి నుంచి ప్యాచ్ వేయించేది ఆవిడే అవుతుంది. మెల్లకన్ను అదృష్టమన్న మాట మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. ఆ మాట నమ్మి వైద్యం చేయించకుండా ఉండిపోయి, పదిహేనేళ్లు దాటాక వచ్చిన పిల్లల్ని చూశాను. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ.

ప్యాచ్‌ను అద్దాల మీద కాదు, చర్మం మీద అంటించేది తీసుకోండి. అద్దాల మీదదైతే పిల్లలు పక్క సందులోంచి చూసేస్తారు. వేళ ఒకటే పెట్టండి, బడి నుంచి వచ్చి పాలు తాగాక. ఆ రెండు గంటలూ ఖాళీగా కూర్చోబెట్టకుండా దగ్గరి పని ఇవ్వండి: చుక్కలు కలిపి ముగ్గు వేయడం, పూసలు గుచ్చడం, బియ్యంలో రాళ్లు ఏరడం. ప్యాచ్ వేశాక మొదట్లో పాపకు నిజంగానే సరిగా కనపడదు. ఆ ఏడుపు మొండితనం కాదు, తిట్టకండి. అద్దాలు మాత్రం లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఉండాల్సిందే. క్లాసు టీచరుకు ఒక చీటీ రాసి పంపండి, తోటి పిల్లలు వెక్కిరించకుండా ఆవిడ చూసుకుంటారు.

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. రెండేళ్ల వయసులో ఎడమకంటిలో క్యాన్సర్ గడ్డ ఉందని కన్ను తీసేశారు. కృత్రిమ కన్ను పెట్టుకుంటాను, చూసినవాళ్లకు తెలియదు. సంబంధాలు చూస్తున్నారు. నిశ్చితార్థం అయ్యేదాకా చెప్పొద్దని అమ్మ, పెద్దమ్మ అంటున్నారు. నాకు దాచాలని లేదు. పుట్టబోయే పిల్లలకు కూడా వస్తుందేమోనని భయంగా ఉంది.
– పేరు వద్దు, అనంతపురం

జవాబు: చెల్లీ, నీకు దాచాలని లేదన్నావు. అదే సరైన పని. అది కూడా పెళ్లిచూపులకు ముందే జరగాలి. వాళ్లు మీ ఇంటికి బయల్దేరకముందే మీ నాన్నగారు ఫోన్‌లో చెప్పాలి: 'మా అమ్మాయికి చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమకన్ను తీసేశారు. జబ్బు నయమైంది. రెండో కన్ను బాగుంది. చదువుకుంది, తన పనులన్నీ తనే చేసుకుంటుంది. మీకు సమ్మతమైతే రండి.' అంతే. గొంతు తగ్గించక్కర్లేదు, క్షమాపణలు అక్కర్లేదు. వద్దనేవాళ్లు అక్కడే వద్దంటారు. నువ్వు చీర కట్టుకుని వాళ్ల ముందు కూర్చున్నాక వచ్చే 'వద్దు' కంటే అది వెయ్యి రెట్లు నయం.

నిశ్చితార్థం దాకా దాస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో నా గదిలో కూర్చుని ఏడ్చిన ఆడపిల్లల నోట విన్నాను. కన్ను లేదన్న సంగతిని అత్తింటివాళ్లు కొన్నాళ్లకు మర్చిపోతారు. దాచారన్న మాటను మాత్రం ప్రతి గొడవలోనూ పైకి తీస్తారు. పైగా దాచినన్నాళ్లూ నీకు స్థిమితం ఉండదు. ఎవరు ఏ పక్క కూర్చున్నారు, ఫొటోలో కన్ను ఎలా పడింది అనే ఆలోచనతోనే రోజు గడుస్తుంది.

ఎదురొస్తే శకునం బాగాలేదనేవాళ్లు, 'శుక్రాచార్యుడు' అని పిలిచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పేరు నేను బడిలో ఉన్నన్నాళ్లూ విన్నాను. కానీ కాలం మారుతోంది. రానా దగ్గుబాటి తన కుడికంటితో చూడలేనని ఒక టీవీ కార్యక్రమంలో అందరి ముందూ చెప్పారు. ఆ మాట చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. మీ పెద్దమ్మకు ఆ ఉదాహరణ చెప్పు. సినిమావాళ్ల మాటైతే వింటారు.

పిల్లల సంగతి మాత్రం జాగ్రత్తగా తెలుసుకోవాలి. రెండేళ్లకే వచ్చే కంటి క్యాన్సర్ ఎక్కువగా రెటినోబ్లాస్టోమా అయి ఉంటుంది. అది కొందరిలో వంశపారంపర్యం, చాలామందిలో కాదు. ఒక కంటికే వచ్చినవాళ్లలో కూడా కొందరికి ఆ జన్యు లోపం ఉంటుంది. కన్ను చూసి ఇది చెప్పలేరు, రక్తంతో జన్యు పరీక్ష చేయాలి. పాత ఆసుపత్రి కాగితాలు వెతికి పట్టుకుని పెళ్లికి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లు. ఒకవేళ ఆ లోపం ఉన్నా పిల్లల్ని కనకూడదని కాదు. బిడ్డ పుట్టిన మొదటి రోజుల నుంచే కళ్లు పరీక్షిస్తూ ఉంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుని, కన్నునూ చూపునూ కాపాడే వీలుంటుంది. ఇది చదివే తల్లులకూ ఒక మాట: ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే మర్నాడే కంటి డాక్టరుకు చూపించండి.

కృత్రిమ కన్ను రోజూ రాత్రి తీయక్కర్లేదు. డాక్టరు చెప్పినప్పుడే, చేతులు సబ్బుతో కడుక్కుని తీయాలి. అది అక్రిలిక్‌తో చేసింది, గీతలు పడితే రెప్ప ఒరుసుకుని పుసులు కడతాయి. ఏడాదికోసారి పాలిష్ చేయించు. వదులైనట్టుంటే కొత్తది చేయించు. పెళ్లిలో తలంబ్రాలప్పుడు, అక్షింతలప్పుడు మంచి కన్ను గట్టిగా మూసుకో. బియ్యపు గింజ గీసుకున్నా ఆ రోజంతా చూపు ఇబ్బందే. హోమం పొగ కుడికంటికి నేరుగా రాకుండా ఫ్యాను ఎటు పెట్టాలో ముందే చెప్పించు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. తలకు దెబ్బ తగిలి ఒక కంటి నరం దెబ్బతింది, చూపు పోయింది. నాకు 48. నా కన్ను ఒకటి తీసి వాడికి పెట్టమంటే డాక్టర్లు ఒప్పుకోవడం లేదు. ఎక్కడైనా చేస్తారా?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఎక్కడా చేయరమ్మా, ప్రపంచంలో ఏ దేశంలోనూ. చూపు వచ్చేలా కన్ను మొత్తాన్ని మార్చే వైద్యం ఇంకా లేదు. మార్చగలిగేది కంటి ముందుండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను మాత్రమే. అదీ చనిపోయినవాళ్ల నుంచే తీసుకుంటారు, సాధారణంగా ఆరు గంటల లోపు. మీ బాబుకు కార్నియా బాగానే ఉంది. దెబ్బతిన్నది కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం, దాన్ని కొత్తగా వేయలేరు. చేస్తామని ఎవరైనా చెప్తే వాళ్లకు డబ్బు కట్టకండి, పొలం అమ్మకండి. మీ రెండు కళ్లూ మీకుండనివ్వండి. వాడికి ఇప్పుడు కావాల్సింది మీరు రోజూ చెప్పే ఒక మాట: 'రక్షణ అద్దాలు పెట్టుకుని బయటికి వెళ్లు నాన్నా.'

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. దీపావళి టపాకాయ తగిలి ఎడమకన్ను చూపు పోయింది. నాకు క్రికెట్ ప్రాణం. అమ్మ బ్యాట్ దాచేసింది. ఒక కంటితో ఆడలేనా?
– ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: ఆడగలవు బాబూ. మన్సూర్ అలీఖాన్ పటౌడీ గురించి తాతయ్యను అడుగు. 1961 జూలైలో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఆయన కుడికన్ను దెబ్బతింది. అదే ఏడాది డిసెంబరులో టెస్టు ఆడాడు. మరుసటి మార్చిలో, 21 ఏళ్లకు, భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. 1964లో ఢిల్లీలో ఇంగ్లండ్ మీద 203 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. బంతి రెండుగా కనపడకుండా టోపీని కుడికంటి మీదికి లాక్కుని ఆడేవాడు. రంజీల్లో జయసింహ కెప్టెన్సీలో మన హైదరాబాద్ జట్టుకే ఆడాడు.

అమ్మ భయం కూడా న్యాయమైనదే. బ్యాట్ తిరిగి రావాలంటే ఈ షరతులు నువ్వే ఆమె ముందు పెట్టు. దెబ్బ తగిలిన కంటి డాక్టరు 'ఇక ఆడొచ్చు' అన్నాకే మొదలుపెడతావు. గల్లీలో టెన్నిస్ బంతితో ఆడినా సరే, పాలీకార్బొనేట్ స్పోర్ట్స్ అద్దాలు పెట్టుకుంటావు. తోలు బంతికైతే జాలీ ఉన్న హెల్మెట్ కూడా. దగ్గరి ఫీల్డింగ్ చేయవు. బాక్సింగ్ జోలికి ఎప్పుడూ పోవు. మంచి కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, మసకబారినా అదే రోజు చెప్తావు. గాయం లోతుగా తగిలినప్పుడు అరుదుగా రెండో కన్ను కూడా వాస్తుంది. వెంటనే మందు పడితే కాపాడుకోవచ్చు, కాబట్టి ఈ ఆఖరి షరతు అన్నిటికంటే పెద్దది. మొదట గోడకు బంతి కొట్టి పట్టుకోవడం సాధన చెయ్. నెమ్మదిగా కొట్టు, దూరం తర్వాత పెంచు.

ప్రశ్న: వయసు 61. వరి కోతల్లో వడ్ల ఆకు గీసుకుని కన్ను పుండై, మెడికల్ షాపులో చుక్కలు వేసుకుంటే ఇంకా పాడైంది. ఆ కంటితో ఇప్పుడు నీడలే కనపడతాయి. వ్యవసాయం మానలేను. రెండో కన్ను ఎలా కాపాడుకోవాలి?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: అన్నగారూ, మీరడిగిన ప్రశ్న ప్రతి పల్లెలోనూ చదివి వినిపించాల్సింది. ఆకు గీసుకున్నప్పుడు దానిమీదున్న బూజు కంటిలోకి పోతుంది. దక్షిణాదిలో కంటి పుండ్లకు అది పెద్ద కారణం. చాలా దుకాణాల్లో అడగ్గానే ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గి హాయిగా అనిపిస్తుంది, లోపల బూజు మాత్రం బాగా పెరుగుతుంది. మీకు జరిగింది అదే అయ్యుండొచ్చు. ఇక మీదట డాక్టరు రాసివ్వకుండా ఏ చుక్కా కంటిలో పడకూడదు. నందివర్ధనం రసం, ఆముదం, తల్లిపాలు కూడా వద్దు. నలక పడితే నాలుకతో తీయించుకోవద్దు.

కోతలు, నూర్పిళ్లు, మందు కొట్టడం, కంప నరకడం, ఈ పనుల్లో పక్కలు కూడా మూసుకునే రక్షణ అద్దాలు పెట్టుకోండి. వెల్డింగ్ సామాన్లు అమ్మే కొట్లలో తెల్లవి దొరుకుతాయి. చెమటకు మసకబారతాయి, నిజమే. రెండు జతలు ఉంచుకుని మార్చుకోండి. మోటారు స్విచ్ దగ్గర ఒక జత మేకుకు తగిలిస్తే పొలానికి వెళ్లాక గుర్తొస్తుంది. గట్టు మీద నడిచేటప్పుడు చేతికర్ర ఉంచుకోండి, గట్టు ఎంత లోతుందో కర్ర చెప్తుంది. చీకటి పడ్డాక టార్చి లేకుండా అడుగు వేయొద్దు.

తాంబూలం అలవాటుంటే సున్నం డబ్బా మనవళ్లకు అందకుండా పెట్టండి. కంట్లో సున్నం పడితే ఆటో కోసం పరిగెత్తకముందే, అక్కడికక్కడే బోరు కింద అరగంట పాటు మంచినీళ్లతో కడగాలి. తర్వాతే ఆసుపత్రి.

మీ వయసులో మంచి కంటికి శుక్లం, నీటికాసులు కూడా రావచ్చు. నీటికాసులకు చాలాసార్లు నొప్పి తెలియదు, చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఏడాదికోసారి కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోండి. మిణుగురుల్లా మెరుపులు, ఒక్కసారిగా నల్ల చుక్కలు, తెర దించినట్టు మసక, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకండి. హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. కొడుకు ఫోన్‌లోనూ, మీ జేబులో ఒక చీటీ మీదా 'ఒక కన్నే పనిచేస్తుంది' అని రాయించి ఉంచండి. ఆసుపత్రిలో చీటీ రాసేచోటే ఆ మాట చెప్పండి. అలా చెప్తే తొందరగా చూస్తారు.